మోకు పట్టినోడు

తిమ్మప్ప చక్రాల కుర్చీలోంచి రెండు చేతులూ చాపి తలుపు చట్రాన్ని పట్టుకున్నాడు. ఇక కుర్చీ కదిలితే ఒట్టు. వెనక నుంచి తోస్తున్న వార్డుబాయ్ నాగేశ్ ఒకసారి తోసి చూశాడు, ఇంకోసారి తోసి చూశాడు. కుర్చీకి కట్టిన చిన్న ఆక్సిజన్ సిలిండర్ గణగణమన్నది గాని ఆ చేతులు ఊడలేదు. మనిషికి అరవై దగ్గరపడ్డాయి, జ్వరం వచ్చి వారమైంది, మాట మాటకీ ఆయాసం. అయినా జీవితమంతా పలుగూ గడ్డపారా పట్టిన వేళ్ళవి. వాటిని విప్పడం దవాఖాన వల్ల అయ్యే పనిలా లేదు.

"నేను పోను," అన్నాడు. "ఏమన్న చేసుకోన్రి. నేను లోపలికి పోను."

స్కాన్ టెక్నీషియన్ నవనీత గదిలోంచి చూస్తూ నిలబడింది. ఆ రోజు ఇట్లా మొండికేసిన వాళ్ళలో అతను మొదటివాడేమీ కాదు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఎండాకాలం వనపర్తికి మందుల కంటే ముందు భయం చేరుకుంది. స్కాన్ మిషన్‌లోకి పోయినవాడు మూటలో బయటికొస్తాడని పాన్‌గల్ వైపు ఒక మాట. ఆ వెలుగు తగిలితే రక్తం విరిగిపోతుందని ఆత్మకూరు వైపు ఇంకో మాట. ఫోన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, అందులో ప్రతివాడూ డాక్టరే. పొద్దున ఒక ముసలమ్మ బల్ల దాకా వచ్చి, మిషన్ గుండ్రటి నోరు చూసి, "ఇది మింగేదే గని కక్కేది కాదు" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయింది.

నిజానికి నవనీతను చూస్తేనే సగం భయం. తల నుంచి కాలి దాకా తెల్లటి ప్లాస్టిక్ తొడుగు, కళ్ళద్దాల మీద ఆవిరి, లోపల మనిషి ఉందో లేదో ఎవరికి తెలుసు? అందుకని రోజూ పొద్దున్నే గుండె మీద స్కెచ్ పెన్నుతో 'నేను నవనీతను, ఆత్మకూరు బిడ్డను' అని రాసుకునేది. చదువు రానివాళ్ళ కోసం పక్కన ఒక నవ్వు మొహం గీసేది. ఒక్కొక్క రోగి వెళ్ళాక క్రిములు చంపే మందునీళ్ళతో బల్ల తుడిచీ తుడిచీ, మధ్యాహ్నానికల్లా ఆ నవ్వు చెరిగి గీతలయ్యేది.

ఆమె తిమ్మప్ప ముందుకు వచ్చి వంగింది. "పెద్దనాయనా, సూది లేదు, కోత లేదు. బల్ల మీద పండుకుంటె అదే ఫోటో తీస్తది. ఏం గాదు."

"ఏం గాకపోతె మీరంత ఎందుకు బయటికి ఉరుకుతరు? తలుపెందుకు ఏస్తరు?"

ఆ ప్రశ్న ఎవరు వేసినా నవనీతకు ముచ్చటే. వేయాల్సిన ప్రశ్న అది. "ఈ మిషన్ ఎలుగు ఎండ లెక్క. నువ్వు ఎండల జర్రంత సేపు నిలబడి నీడకు వస్తవ్. నీకేమైతది? నేను పొద్దంత గీ ఎండలనే ఉండాలె. ఒక్కొక్కరితోని ఒక్కొక్కపారి నిలబడితే మాడిపోనా? అందుకే నీడకు పోత."

తిమ్మప్ప ఆ మాటను నమిలి చూశాడు. ఎండ లెక్క ఎవరూ అతనికి చెప్పనక్కర్లేదు. "అది సరే," అన్నాడు చివరికి. "ఎండకు భయపడేటోణ్ని కాదు. గని పైన మనిషి లేకుంట నేను దిగ."

"దిగుడేంది? ఎక్కడికి దిగుడు?"

వరండాలోంచి ఒక బక్కపలచటి మనిషి ముందుకొచ్చాడు. ముక్కూ నోరూ మూసి తువ్వాల గట్టిగా చుట్టుకున్నాడు. "నేను చెప్త మేడం. నా పేరు ప్రభుదాసు. తిమ్మన్నది మాది ఒక్కటే ఊరు, పాన్‌గల్ అవుతల. వదినె బాలమణికి గూడ జరం, ఇంట్ల పండుకుంది. అందుకే నేనొచ్చిన." తిమ్మప్ప వైపు ఒకసారి చూశాడు. "మేం బావులు తవ్వెటోళ్ళం. ఆయన నడుముకు మోకు కట్టుకోని లోపలికి దిగుతడు. నేను పైన మోకు పడ్త. పైన మనిషి లేకుంట లోపలికి దిగొద్దని మా పనిల కట్టుబాటు. ఒక్కడే దిగి పైకి రానోళ్ళని సూసినం."

"ఇది బావి కాదు గద," అన్నాడు నాగేశ్.

"మూత పెట్టేదేదైన బావే," అన్నాడు తిమ్మప్ప.

అప్పుడే డాక్టర్ శ్రవణ్ కుమార్ వచ్చాడు. కుర్రవాడే గాని ఆ నెలలో అతని నడక మారిపోయింది, ఎక్కడా ఆగకుండా నడుస్తూనే మాట్లాడేవాడు. ఆ రోజు మాత్రం ఆగి, నవనీతను పక్కకు పిలిచాడు. "ఇతని ఎక్స్‌రేలో రెండు వైపులా పైనంతా చుక్కలు చుక్కలుగా ఉంది. కరోనా అనుకొని నేనిచ్చే మందు, అది క్షయ అయితే మనిషిని తినేస్తుంది. క్షయేమో అని మందు ఆపితే కరోనా తినేస్తుంది. స్కాన్ లేకపోతే నేను గుడ్డివాణ్ణి. సాయంత్రం లోపల నాకు తెలియాలి."

చెప్పి వెళ్ళిపోయాడు. నవనీత తలుపు దగ్గరికి తిరిగి వచ్చేసరికి తిమ్మప్ప చట్రం వదల్లేదు, ఊపిరి మాత్రం ఇంకాస్త వేగమైంది. వేలికి తగిలించిన ఎర్రలైటు క్లిప్పును అతను పదే పదే చూసుకుంటున్నాడు. "మా బావిల దీపం దించుతం," అన్నాడు, ఎవరితోనో చెప్తున్నట్టు. "దీపం మలిగితే లోపల గాలి లేదని లెక్క. ఇది ఇంక మలగలే."

నవనీతకు కోపం రావాల్సింది. రాలేదు. "పైన మనిషి ఉంటె దిగుతవా?" అంది.

"దిగుతనని చెప్తున్న గద!"

"సరె. నీ మనిషినే నిలబెడ్త."

ప్రభుదాసుకు ఒక గౌను తొడిగి, మాస్కు పెట్టి, మీటలుండే గదిలోకి తెచ్చింది. రెండు గదుల మధ్య మందపాటి అద్దం. అద్దం ముందు మైకు. అందులోంచి మాట్లాడితే లోపలివాళ్ళకు వినిపిస్తుందనీ, లోపలివాళ్ళ మాట ఇటు వినిపిస్తుందనీ చెప్పింది. ప్రభుదాసు మైకు దగ్గర నోరు పెట్టి, చెయ్యి చెవి దగ్గర ఆనించి, బావి అంచున నిలబడ్డట్టే పిలిచాడు.

"ఓ... తిమ్మన్నా..."

"ఓ..." అని పలికింది బల్ల మీది గొంతు. అంతసేపూ కుర్చీ దిగనన్న మనిషి బల్ల మీద వెల్లకిలా పడుకొని, చెప్పినట్టే చేతులు తల మీదికి పెట్టుకున్నాడు. నవనీతకు ఆశ్చర్యం వేసింది. ఒక్క పిలుపుకు పని అయిపోయింది.

అయిపోయిందనుకోవడం ఆమె పొరపాటు. బల్ల లోపలికి కదిలింది. మిషన్‌లోంచి ఒక ఆడగొంతు ఊపిరి పీల్చి బిగబట్టమని హిందీలో చెప్పింది. నవనీత అదే మాట తెలుగులో చెప్పింది. తిమ్మప్ప బిగబట్టాడు. లోపల నిశ్శబ్దం. బావి పనిలో నిశ్శబ్దమంటే ఒక్కటే అర్థం. ప్రభుదాసు ఆగలేకపోయాడు.

"ఓ... తిమ్మన్నా..."

"ఓ..."

తెర మీద బొమ్మ చెదిరిపోయింది. పక్కటెముకలు రెండేసి కనిపించాయి.

"పిలవొద్దు పెద్దనాయనా! ఆయన పలికితె ఛాతి కదులుతది, ఫోటో పాడైతది." రెండోసారి పెట్టింది. ఈసారి ప్రభుదాసు రెండు చేతులతో తన నోరే మూసుకున్నాడు. కాని పిలుపు రాకపోయేసరికి లోపల తిమ్మప్పకు నిలకడ లేకపోయింది. మిషన్ తిరుగుతుండగానే తల ఎత్తి, "ప్రభూ! ఉన్నవార?" అని కేకవేశాడు. మళ్ళీ పాడు.

"మీ సోపతి సల్లగుండ!" అంది నవనీత. తొడుగు లోపల చెమట వీపు మీద ధారలు కడుతోంది. బయట వరసలో ఇంకా జనం ఉన్నారు. సాయంత్రం డాక్టర్‌కు ఏమని చెప్పాలి? పిలిస్తే పలుకుతాడు, పిలవకపోతే లేస్తాడు. ఆమె కాసేపు అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది. తర్వాత అడిగింది. "బావిల మందు పేల్చినంక దుమ్ము లేస్తది గద. అప్పుడు నోరు తెరవొస్తదా?"

"తెరిస్తె మట్టే గద."

"మరి ఆయన ఉన్నడని నీకెట్ల తెలుస్తది? నువ్వున్నవని ఆయనకెట్ల తెలుస్తది?"

ప్రభుదాసు ఆమెను వింతగా చూశాడు, ఇంత తెలివిగల మనిషి ఇంత తెలియని ప్రశ్న అడిగినందుకు. "మోకుంటది గద మేడం."

గాయాలకు కట్టే కట్టుగుడ్డ చుట్టలు రెండు తెచ్చి ముడివేసి పొడుగు చేసింది నవనీత. బల్ల కదిలేది ఎటో, మిషన్‌కు ఏదీ తట్టుకోకుండా గుడ్డ ఎటు నుంచి పోవాలో చూసుకుంది. కాళ్ళు తలుపు వైపే ఉంటాయి కాబట్టి కాలి బొటనవేలికి కట్టబోయింది. "ఏయ్!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. తిమ్మప్ప కాళ్ళు ముడుచుకున్నాడు. "సచ్చినోనికి కడతరమ్మా బొటనవేలికి! ఇంక సావలే నేను!" నవనీత నాలుక కరుచుకుంది. నడుముకు కట్టింది. ఆ ముడి చాలదని ప్రభుదాసు దాన్ని విప్పి తన ముడి తనే వేశాడు. గుడ్డను తలుపు కింది సందులోంచి మీటల గదిలోకి లాగి, తలుపు గట్టిగా మూసింది.

ప్రభుదాసు అద్దం వైపు చూడలేదు. తలుపు పక్కన గొంతుక్కూర్చుని, గుడ్డను రెండు చేతుల్లోకి తీసుకొని, కళ్ళు మూసుకున్నాడు.

"చూడొచ్చు, అద్దంల కనవడతడు," అంది నవనీత.

"కండ్లు చూస్తె చేతికి తెల్వదు బిడ్డా."

ఆమె మీట నొక్కింది. లోపల బల్ల కదిలింది. చెప్పకుండానే ప్రభుదాసు వేళ్ళు వదులయ్యాయి, గుడ్డ బల్ల ఎంత కదిలితే అంతే జారింది, ఒక్క వేలెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు. "దిగుతుండు," అన్నాడు మెల్లగా. బల్ల ఆగింది. "ఆగిండు." నవనీత మైకులో ఊపిరి బిగబట్టమంది. తిమ్మప్ప బిగబట్టాడు. ఈసారి పిలుపు లేదు, పలుకు లేదు. మిషన్ రివ్వున తిరిగింది. తెర మీద తిమ్మప్ప ఛాతీ పొర వెనక పొరగా విచ్చుకుంటూ వచ్చింది, గొంతు గొట్టం, గుండె, రెండు వైపులా నల్లగా గాలి. "పైకొస్తుండు," అన్నాడు ప్రభుదాసు, అప్పుడే బల్ల వెనక్కి కదిలింది. గొంతులో ఎక్కడా తొణుకు లేదు. గుడ్డ మళ్ళీ అతని ఒడిలోకి చుట్టలు చుట్టుకుంటూ వచ్చి చేరింది.

ఈ ఉద్యోగంలోకి వచ్చాక ఎన్ని వందలసార్లు ఆ బల్లను లోపలికి పంపి ఉంటుంది! ఒక మనిషి లోపలికి పోవడం, పైకి రావడం అంటే ఏమిటో ఆ రోజే మొదటిసారి చూసినట్టు అనిపించింది నవనీతకు. కాసేపు మీట మీద నుంచి చెయ్యి తీయడం మరిచిపోయింది.

లోపలికి వెళ్ళి ముడి విప్పుతుంటే తిమ్మప్ప తేటగా ఉన్నాడు. "బావిల ఉన్నట్టే ఉండె," అన్నాడు. "పైన గాలికి మోకు సన్నగ వణుకుతది సూడు, గట్లనే."

గదిలో గాలి ఎక్కడిది అనుకుంది గాని, ఏసీ గాలేమోలే అని ఊరుకుంది నవనీత. బల్ల తుడవాలి, బయట ఇంకో మనిషి ఉన్నాడు.

సాయంత్రం బొమ్మలు చూసి డాక్టర్ శ్రవణ్ కుమార్ కుర్చీలో వెనక్కి వాలాడు. కింద కరోనా మచ్చలున్నాయి, ముదరలేదు. పైన చుక్కలు క్షయ కాదు. రాతి దుమ్ము. ఏళ్ళ తరబడి ముక్కులోంచి దిగి, ఊపిరితిత్తిలో గింజకట్టి కూర్చున్న రాతి దుమ్ము. అది పోయేది కాదు గాని, దానివల్ల ఈ మందుకు అడ్డం లేదు. రాత్రి భోజనాల లోపలే మందు మొదలైంది.

మర్నాడు నవనీత ఆ బొమ్మను తన ఫోన్‌లో పెట్టుకొని వార్డుకు వెళ్ళింది. తన ఒంటిని లోపలి నుంచి చూసుకునే హక్కు ముందు ఆ ఒంటి మనిషిదని ఆమెకొక పట్టుదల. ప్రభుదాసు తలాపున ఉన్నాడు. తిమ్మప్ప ఆక్సిజన్ మాస్కులోంచి ఆ తెల్ల చుక్కల్ని చూశాడు.

"గివి?"

"రాతి దుమ్ము పెద్దనాయనా. నువ్వు తవ్విన బావులయి."

అతను ఫోన్‌ను కళ్ళ దగ్గరికి లాక్కున్నాడు. ఏడుస్తాడేమో అని నవనీత భయపడింది. తిమ్మప్ప వేలితో ఒక్కొక్క చుక్క మీదా తట్టడం మొదలుపెట్టాడు. "గిది పాన్‌గల్ కాడ నల్లరాయి. మందు తోటా పెడితె గూడ పగల్లే, నెలంత సతాయించింది. గిది మన్ననూరు అడివి అంచున, ఎర్రమన్ను, కిందికి పోతె సుద్ద. గిది గద్వాల దిక్కు." ఆయాసానికి ఆగి, మళ్ళీ అందుకున్నాడు. "అన్నిట్ల నీళ్ళు పడ్డయి బిడ్డా. ఒక్కటి గూడ ఎండుబావి లే." జబ్బు బొమ్మను ఒక మనిషి ఇంత గర్వంగా చూడగలడని నవనీత ఏ చదువులోనూ చదవలేదు.

"నీదాంట్ల ఏముంటదిర?" అన్నాడు తిమ్మప్ప, ప్రభుదాసు వైపు తిరిగి. "నీడ ఉంటది. జిందగంత పైన నీడకు నిలబడి కూలి తిన్నోనివి."

ప్రభుదాసు నవ్వి ఊరుకున్నాడు. పాత ఎగతాళి లాగుంది. పక్క మంచం అతను కూడా నవ్వాడు. నవనీతకు మాత్రం అది అంత బాగనిపించలేదు. కాని ఇద్దరి సోపతి మధ్యలో తనెవరు?

స్కాన్ గది ముందు కథ మారింది. తిమ్మప్ప వార్డులో ఊరుకునే రకం కాదు, పలకరించినవాడికల్లా చెప్పాడు. "దిగంగ నడుముకు మోకు కట్టించుకోన్రి, పైన మా ప్రభు ఉంటడు, ఏం గాదు." మొదట నవ్వినవాళ్ళే తమ వంతు వచ్చేసరికి మెల్లగా అడిగారు. ఆత్మకూరు నుంచి వచ్చిన రుక్కమ్మ అనే పెద్దామె గుడ్డ కట్టందే బల్ల ఎక్కనంది. ఎండ మాట చెప్పు, మిషన్ ఏం చేస్తుందో చెప్పు, ఆ తర్వాత గుడ్డ కట్టు. నవనీత పని అదే వరసలో సాగింది. ప్రభుదాసు తలుపు పక్కన గొంతుక్కూర్చుని ఎవరెవరి కొసనో పట్టుకున్నాడు, వాళ్ళ పేర్లు అడిగి తెలుసుకొని మరీ. ఎవరికి వారికి కొత్త గుడ్డ కట్టి, అయిపోగానే దవాఖాన చెత్త వేసే పచ్చ సంచిలో పడేసేది నవనీత. ఆ రెండు రోజులు స్కాన్ గది ముందు నుంచి ఒక్క మనిషి వెనక్కి పోలేదు.

మూడో రోజు పొద్దున తలుపు పక్కన ఎవరూ లేరు. నాగేశ్ వచ్చి చెప్పాడు. "ప్రభుదాసుకు జరం. ఎక్స్‌రే తీసిన్రు. స్కాన్‌కు రాస్తే, కాయితం పట్టుకోని ఎటో పోయిండు."

నవనీత వెంటనే డాక్టర్ దగ్గరికి నడిచింది. తన గది ముందు కూర్చోబెట్టినందుకేనా? డాక్టర్‌ను అడిగితే, "జబ్బు మనిషిని ఒళ్ళో పడుకోబెట్టుకొని ఆటోలో తెచ్చాడు. అది అప్పటిదే," అన్నాడు. "ముందు అతన్ని పట్టుకురండి. ఎక్స్‌రేలో ఒక పక్కంతా తెల్లగా ఉంది. నీరైతే సూదితో తీయాలి, నిమ్ము అయితే సూది వేయకూడదు. ఊపిరి తగ్గుతోంది, ఇవాళే తేలాలి."

అంబులెన్స్ నీడలో దొరికాడు. గోడకు ఆనుకొని, తువ్వాల సడలి, నోటితో గాలి అందుకుంటున్నాడు. నవనీత ఎదురుగా కూలబడింది.

"ఏంది పెద్దనాయనా ఇది? ఇంతమందికి ధైర్యం చెప్పినవ్. నీకేమైంది?"

ప్రభుదాసు తల దించుకున్నాడు. "నాతోని కాదు బిడ్డా. నన్ను ఇడిసిపెట్టు."

"నీకు తెల్వని మిషనా?"

"బయటికెళ్ళి తెలుసు." ఊపిరి కోసం ఆగాడు. "నేనెన్నడు దిగలే. ఒక్క బావిల గూడ. నా ఎత్తు గుంతల నిలబడితెనె దమ్ము ఆగుతది నాకు, సిన్నప్పట్నించి. తిమ్మన్నకు తెల్వదు. పైన పనే నాకు మంచిగుంటదని చెప్పిన. నీడ కోసమనుకున్నడు. అనుకోనీ అని ఊకున్న."

జీవితమంతా నీడ మనిషి అనిపించుకున్నాడు, ఆ మాట తన భయానికి అడ్డుగా ఉంచుకొని నవ్వాడు. నవనీత ఈ మూడు రోజులూ చూసిన ధైర్యం అసలు ధైర్యం కాదా, లేక అదే ధైర్యమా?

"నీ మోకు నేను పడ్త," అంది.

"నువ్వు మీట నొక్కాలె గద." చిన్నగా నవ్వాడు. "నాకు పైమనిషి లేడు బిడ్డా."

నవనీత లేచి తిన్నగా వార్డుకు వెళ్ళింది. తిమ్మప్పకు ఆ రోజు కాస్త మేలు, దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. విషయం చెప్తే మొదట పళ్ళికిలించాడు. "వాడా? స్కానుకు భయమా? జూడు మల్ల!" ఆమె ఊరుకోలేకపోయింది. ఇంకొకరి గుట్టు విప్పడం తప్పేనేమో, కాని మనిషి ప్రాణం కంటే గుట్టు పెద్దదా? ఒక్క బావీ దిగలేదని, ఎందుకు దిగలేదో అంతా చెప్పేసింది.

తిమ్మప్ప నవ్వు ఆగిపోయింది. దుప్పటి పక్కకు తోసి, కాళ్ళు కిందికి పెట్టాడు. "కుర్చీ తెమ్మను," అన్నాడు.

తిమ్మప్ప మోకు పడతాడని వినగానే ప్రభుదాసు స్కాన్ గదికి వచ్చాడు. ఇద్దరి మధ్యా పెద్ద మాటలేమీ జరగలేదు. ప్రభుదాసు బల్ల మీద కూర్చొని కాళ్ళు వేలాడేసుకున్నాడు, చెంపల మీద కన్నీళ్ళు, "ప్రభువా, ప్రభువా" అని గొణుగుతున్నాడు. తిమ్మప్ప చక్రాల కుర్చీని దగ్గరికి తోయించుకొని, గుడ్డను అతని నడుముకు చుట్టి ముడివేశాడు. వేసి, ఒకసారి లాగి చూశాడు. "ఊకె దిగుడేర," అన్నాడు. "నేనున్న."

తలుపు మూసుకుంది. సందులోంచి వచ్చిన కొసను నాగేశ్ అందించాడు. తిమ్మప్ప దాన్ని పట్టుకొని కాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ వైపు కొస అతని చేతికి రావడం అదే మొదటిసారి.

నవనీత మీట నొక్కింది. బల్ల కదిలింది. గుడ్డ జారింది, తిమ్మప్ప ముందు బిగబట్టి, తర్వాత మరీ వదిలి, తడబడ్డాడు. "పోతుండు," అన్నాడు. "ఇంక పోతుండు. ఎంత దూరం పోతడు?" బల్ల ఆగింది. నవనీత మైకులో చెప్పింది. "పెద్దనాయనా, దమ్ము పట్టు." అద్దం అవతల బక్క ఛాతీ నిండి, ఆగింది.

గుడ్డ నిశ్చలమైంది. తిమ్మప్ప చూపు తలుపు మీదే ఉంది. బలమైన ఆ చేతుల్లో కొస కదలకుండా ఉంది, అవతల నుంచి ఏ కబురూ లేదు. "పలుకుతలేడు," అన్నాడు. నవనీత వేలు పెదవుల మీద పెట్టి వద్దని సైగ చేసింది. పిలిస్తే అతను పలుకుతాడు, పలికితే అంతా పాడు. తిమ్మప్పకు తెలుసు, అయినా నోరు తెరిచాడు, మూశాడు, మాస్కు పక్కకు జరిపి, భుజం మీది తువ్వాల కొస పళ్ళ మధ్య పెట్టి కరుచుకున్నాడు. కొండలు పగలగొట్టిన మనిషి. నల్లరాయిని నెల రోజులు ఎదిరించిన మనిషి. చేయడానికేమీ లేక, పిలవడానికి లేక, ఒక గుడ్డపేలిక పట్టుకొని కూర్చోవాల్సి వచ్చేసరికి అతని చేతులు గజగజ వణికాయి. గుడ్డ తలుపు సందు దాకా వణుకుతూ పోవడం నవనీత చూసింది.

మిషన్ ఆగింది. తెర మీద బొమ్మ ఎక్కడా చెదరకుండా, తేటగా వచ్చింది. నీరు కాదు, నిమ్ము. మందుకు లొంగేదే. దుమ్ము చుక్క ఒక్కటి లేని ఊపిరితిత్తులు. ఆమెకు కళ్ళు మసకబారాయి, తొడుగులో తుడుచుకునే వీల్లేదు.

తలుపు తీయగానే తిమ్మప్ప కుర్చీ తనే తోసుకుంటూ లోపలికి పోయాడు. కొస చేతికి చుట్టుకొనే ఉంది. ప్రభుదాసు బల్ల మీద లేచి కూర్చొని, తనను తనే నమ్మనట్టు చుట్టూ చూస్తున్నాడు.

"భయమైందార?" అన్నాడు తిమ్మప్ప.

"మొదాల అయింది. ఇగ పానం పోతదనుకున్న." ప్రభుదాసు నడుము దగ్గర ముడిని తడుముకున్నాడు. "అంతల మోకు వణుకుడు నాకు అందింది తిమ్మన్నా. పైన నువ్వున్నవని తెలిసింది. ఇగ భయం కాలే."

తిమ్మప్ప తన చేతుల వంక చూసుకున్నాడు. అవి ఇంకా ఆగలేదు. నవనీత పచ్చ సంచి తెచ్చి ముందు పెట్టింది, గుడ్డ అందులో వేయాలి. అతను దాన్ని వదల్లేదు. వణుకుతున్న ఆ కొసనే చూస్తూ ఉండిపోయాడు.

"ప్రతి బావిల వణికేదిర," అన్నాడు. "దిగినప్పుడల్ల నా నడుముకాడ వణికేది. నేను పైన గాలి అనుకుంటి. ఇన్నేండ్లు గాలనుకుంటిర ప్రభూ."